అవుట్‌డోర్ కబుర్లు: మన కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట

నందిగామ నించి ఒక తమ్ముడు ఉత్తరం రాశాడు. పేరు మాత్రం వెయ్యొద్దన్నాడు. వాళ్ళ నాన్నగారు కూడా ఈ పత్రిక చదువుతారట! ఉత్తరం సంగతి యిది:

"గురువుగారూ! మీ కాలమ్‌లో అస్తమానం విశాఖ, భీమిలి, అరకు, వూటీ అంటారు. హీరో హీరోయిన్లు డ్యూయెట్ పాడాలంటే అక్కడికే పోవాలా? మేం మెట్టవాళ్ళం. మాకున్నవి పత్తిచేలు, మిర్చి కళ్ళాలు, సిమెంటు లారీలు. ఒక్క రోజులో పోయి రాదగ్గ సముద్రం మాకు లేదా? పోనీ ఒక నేషనల్ పార్కు? జవాబు రాయకపోతే మీ కాలమ్ చదవడం మానేస్తాం. యిట్లు, ఒక అభిమాని."

బెదిరింపు బాగుంది. తమ్ముడూ, నేను మీ పక్క వూరివాణ్ణే. జగ్గయ్యపేట. చిల్లకల్లు సెంటర్లో బస్సు కోసం గంటలు గంటలు నిలబడ్డవాణ్ణి. కాబట్టి యీ వారం విశాఖ జోలికి పోను.

ముందు నేషనల్ పార్కు సంగతి తేల్చేద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో నేషనల్ పార్కులు మూడు. శ్రీ వేంకటేశ్వర, రాజీవ్ గాంధీ, 2008లో ఆ పేరు దక్కిన పాపికొండలు. మూడింట్లో ఒక్కటీ సముద్రం వొడ్డున లేదు. "అడవి రాముడు" చూసి అదంతా మన అడవే అనుకున్నవాళ్ళు మా బెంచీ క్లాసులో చాలామంది వుండేవాళ్ళు. అది మదుమలై అడవి, తమిళనాడుది! కాని సముద్రం వొడ్డున మనకి అభయారణ్యాలున్నాయి. ఒకటి కాకినాడ పక్కన కోరింగ. రెండోది మన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. 1989లో ప్రకటించారు. సుమారు 195 చదరపు కిలోమీటర్ల మడ అడవి, వుప్పుటేర్లు, యిసుక తిప్పలు. కృష్ణానది సముద్రంలో కలిసే చోట, నదికి అటూ యిటూ వుంటుంది. కోరింగలో నడవడానికి చెక్క వంతెన కట్టారు, టిక్కెట్టు పెట్టారు. మనదాంట్లో అంత హంగు లేదు. నన్నడిగితే అదే దాని అందం.

ముఖ్యమైన మాట యింకోటి. ఆ సముద్రానికీ మనకీ చుట్టరికం వుంది. వేదాద్రిలో నరసింహస్వామి గుడి మెట్లు దిగి కాళ్ళు కడుక్కుంటారే, ముక్త్యాల రేవులో యీదుతారే, ఆ నీళ్ళే యివి. పైన పులిచింతల దాటి, మన వూళ్ళని వొరుసుకుంటూ పోయి, ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆగి, మిగిలితే కిందికి పోయి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తాయి. మన పాలేరూ మునేరూ కూడా కృష్ణలోనే కలుస్తాయి కదా. అంటే పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి గుడి పక్కన మనం వొదిలిన కాగితప్పడవ, దారిలో మునక్కుండా వుంటే, యేదో ఒకనాటికి అక్కడికి చేరాలి.

మనవాళ్ళు సముద్రానికి పోవడం కొత్తేం కాదు. జగ్గయ్యపేటలో ధనబోడు మీద బౌద్ధస్తూపం వుంది చూశారా? అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం యిప్పుడు చెన్నై మ్యూజియంలో వుంది. బట్టలు కట్టుకున్న జనం, బంగారు నాణాల వాన, యేనుగు, గుర్రం! యే సెట్టింగూ అక్కర్లేని సీను. స్తూపాలు కట్టించడానికి డబ్బు కావాలి, వర్తకులు కావాలి, వాళ్ళ సరుకుకి రేవు కావాలి. ఆ కాలపు రేవుల్లో ఒకటి చల్లపల్లి పక్కనున్న ఘంటసాల. గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ కూడా ఆ వూరి పేరు రాసుకున్నాడు. (గాయకుడు ఘంటసాల గారిది యీ వూరు కాదు, ఆయన గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. ప్రతిసారీ యెవరో ఒకరు అడుగుతారని ముందే చెబుతున్నాను.)

సరే, అసలు కథకి వస్తాను.

1982 సంక్రాంతి సెలవులు. నేను యింటర్ సెకండియర్. "మరో చరిత్ర" వచ్చి అప్పటికి నాలుగేళ్ళయినా మా వూళ్ళో మళ్ళీ వేశారు. నలుపు తెలుపు సినిమా. విశాఖ, భీమిలి తీరాలు, ఆ రాళ్ళు, ఆ అలలు, కమల్‌హాసన్, సరిత. బాలచందర్ గారు సముద్రాన్ని మూడో పాత్రగా పెట్టాడని పెద్దవాళ్ళు రాస్తారు. మాకదేం తెలుసు? మాకు తెలిసింది ఒక్కటే, సముద్రం చూడాలి. మేం నలుగురం. ముగ్గురం జగ్గయ్యపేట, ఒకడు నందిగామ. నందిగామ వాడి జుట్టు నుదుటి మీద పడేది, అచ్చం కమల్‌హాసన్ లాగా. అందుకని వాణ్ణి "హీరో" అనేవాళ్ళం. యిప్పటికీ అంతే.

భీమిలి పోవడానికి డబ్బుల్లేవు. యెవరో హంసలదీవి పేరు చెప్పారు. యింట్లో మాఘస్నానాల వూరు అని చెప్పి, "పుణ్యక్షేత్రం" అనే ఒక్క మాటతో పర్మిషన్ సంపాదించాం. అబద్ధం కాదు లెండి. అక్కడ వేణుగోపాలస్వామి గుడి వుంది. దేవతలు ఒక్క రాత్రిలో కట్టబోతే తెల్లారి కోడి కూసిందట, గాలిగోపురం సగంలో ఆగిపోయిందట. జనం పాపాలన్నీ మోసి నల్లబడిన గంగమ్మ కాకి రూపంలో తిరిగి తిరిగి యిక్కడ మునిగితే తెల్లటి హంసయిందట. ఆ హంస పేరే వూరికి. మాఘపౌర్ణమికి యిక్కడ సంగమ స్నానం చెయ్యడానికి జనం విరగబడి వస్తారు.

బెజవాడ దాకా ఒక బస్సు, అవనిగడ్డకి యింకో బస్సు, కోడూరు మీదుగా మూడోది. దారిలో పామర్రు దాటాక కూచిపూడి వచ్చింది. వెంపటి చినసత్యం గారు పుట్టిన వూరు. బస్సు రెండు నిమిషాలే ఆగింది, మా హీరో కిటికీలోంచి ఒక నమస్కారం పెట్టాడు. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి. ఆగలేదు. మా తొందర మాది.

మా అన్నయ్య దగ్గర అడుక్కొచ్చిన అగ్ఫా క్లిక్-3 కెమేరా వుంది. రోలుకి పన్నెండు ఫోటోలు. నలుగురం మూడేసి చొప్పున పంచుకున్నాం, రేషన్ షాపులో పంచదార లాగా. నా మూడూ గుడి దగ్గరే అయిపోయాయి. హీరో మాత్రం వాడి మూడూ దాచుకున్నాడు.

పాలకాయతిప్ప బీచ్ నించి యిసుకలో నడుచుకుంటూ సంగమానికి పోయాం. యెంత నడిచినా తరగని యిసుక. యెడమ చేతి పక్క సముద్రం, మట్టి రంగులో, గట్టిగా శబ్దం చేస్తూ. కుడిపక్క దూరంగా మడ చెట్లు. చివరికి వచ్చేసరికి నేల అయిపోయింది. ముందు నది, పక్కన సముద్రం. యేది యెక్కడ ఆగిందో, యేది యెక్కడ మొదలయిందో చెప్పలేం. ఒకచోట నీళ్ళు నున్నగా వున్నాయి, పక్కనే తెల్లటి నురగ. "యిదేరా మన వేదాద్రి నీళ్ళు!" అని అరిచాను. మా వూరివాడు దూరదేశంలో కనపడ్డట్టు వుంది.

హీరో చొక్కా విప్పాడు. మునేట్లో యీత నేర్చినవాడు. వానాకాలం మునేరు యెర్రగా పొర్లుతుంటే యీ వొడ్డు నించి ఆ వొడ్డుకి పోయి వచ్చినవాడు. "నేను అలల్లోకి పరుగెత్తి వెనక్కి తిరుగుతా, అప్పుడు నొక్కు" అన్నాడు. నొక్కాను. అది పదకొండో ఫోటో. "యింకొంచెం లోపలికి పోతా, నడుముదాకా నీళ్ళుండాలి" అన్నాడు. కెమేరాలోంచి చూస్తున్నాను. ఆ చిన్న అద్దంలో మనిషి చిన్నగా కనపడతాడు. యింకా చిన్నగా అయ్యాడు. తమాషాకి వెనక్కి పోతున్నాడనుకున్నాను. చెయ్యి పైకెత్తాడు. పోజు అనుకున్నాను. పన్నెండో ఫోటో నొక్కేశాను.

ఆ చెయ్యి పోజు కాదు.

తరవాత తెలిసిన సంగతి చెబుతాను, యిది మీకు పనికొస్తుంది. ఆటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, వుప్పుటేర్లలోకి యెక్కిన నీళ్ళన్నీ నది మూతి నించి ఒక్కసారిగా లోపలికి లాగుతాయి. పైకి చూస్తే ఆ చోటు ప్రశాంతంగా వుంటుంది, అలలు విరగవు. కొత్తవాళ్ళు అదే మంచి చోటని అక్కడే దిగుతారు. కింద యిసుక నిన్న వున్నట్టు యివాళ వుండదు. మోకాలి లోతు నించి ఒక్క అడుగేస్తే నిలువు లోతు. యెదురు యీదితే బలం అయిపోతుందిగాని వొడ్డు రాదు. ఆ లాగుడు పట్టినప్పుడు దానికి అడ్డంగా, వొడ్డు వెంబడి యీదాలి. ఆ పట్టు తప్పాక అలలతో బాటు బయటికి రావాలి. మునేట్లో యివేవీ వుండవు. మునేట్లో యెటు కొట్టుకుపోయినా యేదో ఒక గట్టు తగులుతుంది.

మేం ముగ్గురం అరిచాం. యేడ్చాం కూడా. యెక్కణ్ణించి వచ్చారో, నాటుపడవ మీద యిద్దరు. ఒకాయన మోకు విసిరాడు. రెండోసారి విసిరితే హీరో పట్టుకున్నాడు. వొడ్డుకి తెచ్చి బోర్లా పడుకోబెట్టి నీళ్ళు కక్కించారు. వాడు లేచి కూర్చున్నాక ఆ పెద్దాయన చేసిన మొదటి పని, చాచి ఒక్క లెంపకాయ.

"యే వూరురా మీది?"

"నందిగామ... జగ్గయ్యపేట, బాబాయ్."

"మెట్టోళ్ళా? యీత వచ్చా?"

"వచ్చు. మునేట్లో..."

"యేట్లో వస్తే యిక్కడ వచ్చినట్టా? మీ అమ్మకి నేనేం చెప్పాల్రా?"

మాకు జవాబు లేదు. ఆయన కోపం చల్లారడానికి చాలాసేపు పట్టింది. తన పాకకి తీసుకుపోయాడు. వేడివేడి గంజి యిచ్చాడు. పాకలో ఆయన ఒక్కడే వుంటున్నాడు. మూల ఒక చిన్న యినపపెట్టె, దాని మీద చిన్నపిల్ల గౌను, మడిచి పెట్టి వుంది. మావాడొకడు వూరుకోకుండా, "పాప బడికి పోయిందా బాబాయ్?" అని అడిగాడు.

"వుప్పెనకి పోయింది" అన్నాడు. బజారుకి పోయింది అన్నట్టుగా.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ వుప్పెన. యీనాటి పిల్లలకి చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. తుఫాను గాలితో బాటు సముద్రం సుమారు 5 మీటర్ల యెత్తున లేచి మైళ్ళ కొద్దీ నేల మీదికి వచ్చింది. చూసినవాళ్ళు మాత్రం తాటిచెట్టంత అంటారు. సుమారు 10,000 మంది పోయారు. యింకా యెక్కువే అన్నవాళ్ళున్నారు. సొర్లగొంది లాంటి వూళ్ళలో వూరికి వూరే తుడిచిపెట్టుకుపోయింది. మా జగ్గయ్యపేటలో ఆ సంగతి పేపర్లో వచ్చిననాడు మా అమ్మ పెట్టె తెరిచి రెండు చీరలు తీసి యిచ్చింది, ఒకటి కొత్తది.

సినిమా పత్రిక కాబట్టి యిది చెప్పకుండా వుండలేను. ఆ యేడు యన్.టి.రామారావు గారు మామూలు వూపు మీద లేరు. సంక్రాంతికి "దాన వీర శూర కర్ణ", వేసవికి "అడవి రాముడు", ఆపైన "యమగోల". అంతటి హీరో అక్కినేని గారితో కలిసి జోలె పట్టి వీధుల్లోకి వచ్చారు, దివిసీమ కోసం. యిద్దరూ కృష్ణాజిల్లా వాళ్ళే. ఒకరిది నిమ్మకూరు, ఒకరిది గుడివాడ పక్కన రామాపురం. పేపర్లో ఆ ఫోటో చూసి మా వీధిలో రామారావు అభిమానులు, నాగేశ్వరరావు అభిమానులు ఒక వారం రోజులు కొట్టుకోవడం మానేశారు. (2022లో జిల్లాలు చీల్చినప్పుడు మన మెట్టకి ఎన్టీఆర్ జిల్లా అని పేరొచ్చింది. ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే వుండిపోయింది. పేరు మనకి, వూరు వాళ్ళకి. యే మాటకామాట, నాకు ఆ వూరే కావాలనిపిస్తుంది.)

తిరుగు ప్రయాణంలో మేం నలుగురం మాట్లాడుకోలేదు. ఆ బాబాయి పేరు అడగలేదు. ఆ తప్పు యిప్పటికీ నన్ను వొదల్లేదు.

మళ్ళీ అక్కడికి పోవడానికి నలభై యేళ్ళు పట్టింది.

2023 ఫిబ్రవరిలో మా మేనల్లుడు వచ్చి, "మావయ్యా, ఫ్రెండ్స్‌తో వుప్పాడ పోతున్నాం, కారు యిస్తావా?" అన్నాడు. వాళ్ళు "ఉప్పెన" పిచ్చిలో వున్నారు. 2021లో వచ్చిన సినిమా, వుప్పాడ తీరం, మీకందరికీ తెలిసిందే. "వుప్పాడ యెందుకురా, మన సముద్రం మనకుంది, నేనూ వస్తా" అన్నాను. వాడి మొహంలో వుత్సాహం కొంచెం తగ్గింది. మావయ్యలు వెంట వస్తే యెవడికి బాగుంటుంది! అయినా కారు నాది కాబట్టి వొప్పుకున్నాడు.

యీసారి మొదట నాగాయలంక పోయాం. అటవీశాఖ వాళ్ళ అనుమతి లేనిదే అభయారణ్యంలోకి పోకూడదు. అది ముందే మాట్లాడుకున్నాం. పడవలో వుప్పుటేటి వెంట మడ అడవిలోకి పోయాం. తమ్ముడూ, దాన్ని నేను యేం వర్ణించను? చెట్ల వేర్లు నేలలోకి కాదు, నేల నించి పైకి వస్తాయి! బురదలోంచి వేలకి వేలు పుల్లలు గుచ్చినట్టు నిలబడి వుంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి ఆ చెట్లు అలా వేర్లతో వూపిరి పీలుస్తాయి. మడ ఆకు తుంచి నాలిక మీద పెట్టుకుంటే వుప్పగా వుంటుంది. పీల్చిన వుప్పుని ఆకుల మీదినించి బయటికి పంపేస్తుందట. కొన్ని చెట్లకి కాయ చెట్టు మీద వుండగానే మొలక వస్తుంది, కిందపడి బురదలో నిలువుగా గుచ్చుకుంటుంది. తిల్ల చెట్టుని మాత్రం ముట్టుకోవద్దన్నాడు పడవవాడు. దాని పాలు కంట్లో పడితే కళ్ళకే ప్రమాదం.

అక్కడి అసలు హీరో బావురు పిల్లి. మామూలు పిల్లికి రెండింతలుంటుంది. వొంటి మీద మచ్చలు, పొట్టి తోక, వేళ్ళ మధ్య కొంచెం చర్మం. నీళ్ళంటే భయంలేని పిల్లి, మునిగి చేప పడుతుంది! కాని రాత్రి షోలు తప్ప మ్యాట్నీలు వెయ్యదు. మాకు కనపడింది బురదలో దాని అడుగులే. మేనల్లుడు డిసప్పాయింట్ అయ్యాడు. నాకు ఆ అడుగులు చాలనిపించింది. కొంగలు, నీటికాకులు, చలికాలానికి వుత్తరదేశాల నించి వచ్చిన వుల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా లేచాయి. కెమేరాలు పట్టుకుపోయేవాళ్ళు నవంబరు ఆఖరు నించి ఫిబ్రవరి లోపల పోవాలి, అదీ తుఫాను కబురు లేనప్పుడే.

యీ మడ అడవి అందం కోసమే కాదు. సముద్రం మీదికి వచ్చినప్పుడు ఆ వేర్లూ కొమ్మలూ అల జోరుని కొంత విరుస్తాయి, మట్టిని పట్టి వుంచుతాయి. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టి పెరిగేది ఆ వేర్ల మధ్యనే. రొయ్యల చెరువుల మోజు వచ్చిన రోజుల్లో యీ తీరంలో మడ చాలా కొట్టేశారు. పడవవాడు ఒక గట్టు చూపించి, "యిదంతా మా నాయన రోజుల్లో అడవేనండి" అన్నాడు. గట్టు అవతల యేరేటర్లు తిరుగుతున్నాయి. వాడే మళ్ళీ, "మా బావగారి చెరువేనండి అది" అని నవ్వాడు. యెవర్ని యేమంటాం?

యింకో సంగతి కూడా చూశాం. తీరం వెంట యిసుకలో కంచె వేసిన చోటు. జనవరి నించి మార్చి దాకా రాత్రిళ్ళు సముద్రపు తాబేళ్ళు, ఆలివ్ రిడ్లీ అంటారు, వొడ్డుకొచ్చి యిసుక తవ్వి వందేసి గుడ్లు పెట్టి పోతాయి. కుక్కలు, నక్కలు తినెయ్యకుండా ఆ గుడ్లు తెచ్చి యీ కంచెలో పాతిపెడతారు. యాభై రోజుల అటూయిటూగా పిల్లలు వస్తాయి. మేం పోయిన రోజుకి యింకా రాలేదు. యిసుకలో కర్రముక్కల మీద తారీకులు రాసి గుచ్చారు. ఆ కర్రల్ని చూస్తూ నిలబడ్డాను. పిల్లలందరూ యెప్పుడు పోదాం, యెప్పుడు పోదాం అని ప్రాణం తీశారు.

సాయంత్రానికి పాలకాయతిప్ప చేరాం. మాఘపౌర్ణమి ఆ నెల 5న అయిపోయింది. జనం పోయినా వాళ్ళు వొదిలినవి పోలేదు. ప్లాస్టిక్ గ్లాసులు, పువ్వుల కవర్లు, షాంపూ పొట్లాలు. గంగమ్మ హంసయిన చోట! వూరికే అంటున్నాను గాని, మేం 1982లో తిన్న బిస్కెట్ల కాగితం మాత్రం యెక్కడ పారేశామో నాకు గుర్తుందా?

బీచ్ పక్కన టీ కొట్టు. కొట్టు నడిపే పెద్దమ్మకి డెబ్భై దాటి వుంటాయి. మావాళ్ళు ఫోన్లో పాట పెట్టుకుని అలల ముందు రీల్ తీసుకుంటున్నారు. మా కాలంలో రీలు అంటే సినిమా పెట్టెలో వచ్చేది. యిప్పుడు జేబులో వుంది. పెద్దమ్మ పాట విని, "బాగుందయ్యా, యే సినిమాలోది?" అనడిగింది.

"ఉప్పెన, పెద్దమ్మా" అన్నాడు మేనల్లుడు హుషారుగా.

ఆవిడ టీ గ్లాసు కడగడం ఆపింది. "ఆ పేరు కూడా పెట్టుకుంటారా బాబూ, సినిమాలకి?" అంది. కోపంగా కాదు. నిజంగానే తెలీక అడిగింది. తరవాత లోపలికి పోయి చాలాసేపు రాలేదు. డబ్బులు బల్ల మీద పెట్టాం.

ఆ సినిమా మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ కథకి ఆ పేరు నప్పింది, నేనూ రెండుసార్లు చూశాను. కాని ఒకే మాట వుప్పాడలో ఒకలా, యిక్కడ యింకోలా వినపడుతుందని ఆ టీ కొట్టు దగ్గరే అర్థమయింది. యిసుకలో కూర్చోబెట్టి పిల్లలకి మోకు విసిరిన బాబాయి సంగతి చెప్పాను. చిన్నపిల్ల గౌను సంగతి కూడా చెప్పాను. మేనల్లుడు ఫోను జేబులో పెట్టాడు. కాసేపాగి, "మావయ్యా, మరి సాగర సంగమం సినిమా యిక్కడ తియ్యలేదా?" అనడిగాడు. తియ్యలేదురా, ఆ సినిమా 1983, విశ్వనాథ్ గారిది, డాన్సర్ కథ, పేరు ఒక్కటే కలిసింది అన్నాను. అందరం నవ్వాం. నవ్వడానికి యేదో ఒకటి కావలసి వచ్చింది.

సంగమం దగ్గర యీసారి నది చిక్కిపోయి కనపడింది. 1855లో ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ, పైన నాగార్జునసాగర్, శ్రీశైలం, యింకా పైన యెన్నో. వరదొస్తే తప్ప కృష్ణ యిక్కడిదాకా రావడమే గగనం. మిగతా నెలల్లో నదిలో కనపడేది సముద్రపు పోటుకి పైకి యెగదన్నిన వుప్పునీళ్ళే. "యిదేరా మన వేదాద్రి నీళ్ళు" అని పిల్లలతో అనబోయి మానేశాను. ఆ నీళ్ళు మన పత్తికీ మిర్చికీ బెజవాడ అవతలి వరికీ పోయాయి. తప్పని యెలా అంటాను? ఆ మిర్చి అమ్మిన డబ్బులతోనే నేను చదువుకున్నాను.

ఆ బాబాయి గురించి వాకబు చేశాను. పేరు తెలీదు, పాక వున్న చోటు యిప్పుడు నీళ్ళలో వుంది. "నలభై యేళ్ళ కిందటి మనిషి యెక్కడుంటాడండీ" అన్నారు. నిజమే. పన్నెండో ఫోటో మా హీరో దగ్గర వుంది. వాడు యిప్పుడు నందిగామలో యెరువుల కొట్టు పెట్టుకున్నాడు. జుట్టు పోయింది. ఆ ఫోటో కొట్టులో వెంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టాడు. చెయ్యెత్తిన మనిషి, అగ్గిపుల్లంత. కొన్నవాళ్ళు యెవరన్నా అడిగితే, "సినిమాలో వేషం వేశాలే" అంటాడు.

యిక తమ్ముడి ప్రశ్నకి సూటిగా జవాబు. జగ్గయ్యపేట నించి హంసలదీవికి సుమారు 170 కిలోమీటర్లు, నందిగామ నించి పాతిక తక్కువ. తెల్లారకముందే బయల్దేరితే విజయవాడ, అవనిగడ్డ, కోడూరు మీదుగా పదకొండింటికి గుడి దగ్గరుంటావు. మడ అడవి కూడా చూడాలంటే ఒక్కరోజు చాలదు, అవనిగడ్డలో రాత్రి పడుకో. అక్కడి పండుగప్ప పులుసు, పీతల యిగురు తినకుండా రావద్దు. మన మెట్ట కారం అలవాటయిన నాలిక్కి కొంచెం చప్పగా వుంటుందేమో, ఆవకాయ వెంట తీసుకుపో. పోటు ఆటుల వేళలు వొడ్డున వున్న జాలర్లని అడుగు, మెరైన్ పోలీసులు యెక్కడ దిగొద్దంటే అక్కడ దిగొద్దు. సంగమం దగ్గర నది మూతిలో యీతకి అసలే దిగొద్దు, మునేట్లో నువ్వెంత మొనగాడివయినా సరే. కారుని యిసుకలోకి దించకు. మేం దించాం. ట్రాక్టరువాడు తీసుకున్న డబ్బు యిక్కడ రాస్తే మా ఆవిడ చదువుతుంది.

యెవరైనా జాలరి సాయం చేస్తే పేరడిగి రాసుకో.

వచ్చేవారం కోరింగ. కాకినాడ తమ్ముళ్ళూ, ఉత్తరాలు యింక చాలు, వస్తున్నాను.